కొవ్వొత్తి తీసేసిన ఇల్లు

ఎం.ఎడ్. చేస్తున్న స్నేహితురాలొకామె ఆ మధ్య తన డిసర్టేషన్ కోసం తయారు చేసుకున్న ప్రశ్నావళి నా చేతికిచ్చి తెలుగు సరిచూసి పెట్టమంది. ‘విద్యార్థుల గణిత సాధనపై గృహ వాతావరణ ప్రభావం’ ఆమె తీసుకున్న అంశం. తొమ్మిదో తరగతి పిల్లలు నింపాల్సిన కాయితాలు. నాన్న ఏం చదివారు, ఏం ఉద్యోగం, నెలకి ఎంతొస్తుంది, ఇంటికి న్యూస్ పేపరు వస్తుందా, కంప్యూటరు ఉందా, ట్యూషన్ పెట్టించారా, హోంవర్కులో ఎవరైనా సాయం చేస్తారా, ఇలా సాగిపోయాయి ప్రశ్నలు. ఒత్తులూ దీర్ఘాలూ దిద్దుకుంటూ పోతున్న నాకు ‘మీ ఇంట్లో చదువుకోవడానికి ప్రత్యేకంగా గది ఉందా?’ అన్న చోట చెయ్యి ఆగిపోయింది. మా ఇంట్లో ఉండేది. అది అన్నయ్య గది. నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు ఈ కాయితం నా దాకా వచ్చి ఉంటే ‘ఉంది’ అనే రాసేదాన్ని. అది అబద్ధం కూడా కాదు.

అన్నయ్యకి లెక్కల మాస్టారు సాయంత్రం ఆరింటికి వచ్చేవారు. ఆ గదిలో నాకున్న పని కాఫీ ఇచ్చి రావడం. గ్లాసు పెట్టి, ఖాళీ గ్లాసు తీసుకునే లోపు నోట్సులో రెండు మూడు లైన్లు కనిపించేవి. ట్యూషన్ ఉందా అంటే ఉంది. సాయం చేసేవాళ్ళున్నారా అంటే ఉన్నారు. నాన్నగారు డిగ్రీ చదివారు. ఆ ప్రశ్నావళి లెక్క ప్రకారం అన్నయ్యకీ నాకూ గృహ వాతావరణంలో వచ్చే మార్కులు సరిగ్గా ఒకటే. మార్కుల లిస్టులో మాత్రం తేడా ఉంది. ఆ తేడాకి ఇల్లు కారణం కాదని తేలింది కనుక ఇక మిగిలింది బుర్ర. ఆడపిల్లలకి లెక్కలు రావన్న మాట శాస్త్రీయంగా ఎలా తయారవుతుందో నాకు ఆ కాయితం చేతిలో పట్టుకున్నప్పుడు అర్థమైంది.

ఇంటికీ చదువుకీ ఉన్న సంబంధాన్ని పెద్ద ఎత్తున కొలవడం అమెరికాలో 1966లో వచ్చిన కోల్‌మన్ నివేదికతో ఊపందుకుంది. సుమారు 6 లక్షల మంది పిల్లల వివరాలు సేకరించి, బడుల మధ్య తేడాల కన్నా పిల్లలు పుట్టిపెరిగిన కుటుంబాల మధ్య తేడాలే చదువు మీద ఎక్కువ ప్రభావం చూపిస్తున్నాయని అది తేల్చింది. జాతి వివక్ష మీద పోరాటం సాగుతున్న కాలంలో అది పెద్ద మాటే. అప్పటి నుంచి ప్రపంచమంతా, మన ఎడ్యుకేషన్ డిపార్టుమెంట్లతో సహా, ఇళ్ళని కొలవడం మొదలుపెట్టాయి. కాకపోతే కొలిచేది ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య తేడాని. ఒకే ఇంట్లో అన్నకీ చెల్లికీ దొరికే ఇల్లు ఒకటి కాదనే సంగతి ఆ కొలతల్లోకి రావడం చాలా కష్టమైంది. తండ్రి కులం, తండ్రి చదువు, తండ్రి జీతం ఇద్దరికీ సమానమే కదా.

ఇది కొలతల్లోకి ఎక్కకపోయినా ఆడవాళ్ళు రాసుకున్న జీవిత కథల్లో ఉంది. నేను లెక్కల మనిషిని కాను. పదో తరగతితో వాటికి దణ్ణం పెట్టి సాహిత్యంలోకి వచ్చినదాన్ని. ఆడవాళ్ళ ఆత్మకథలు చదవడం నా పరిశోధనలో భాగం. ఆ దారిలోనే మేరీ సోమర్‌విల్ కనిపించింది. ఈమె 1780లో స్కాట్లాండులో పుట్టి 1872లో, తొంభై రెండో పుట్టినరోజుకి నెల ముందు ఇటలీలో చనిపోయింది. ఆమె చెప్పుకున్న జ్ఞాపకాలని కూతురు 1873లో అచ్చు వేయించింది. గణితం గురించి తెలుసుకోవాలనుకునే వాళ్ళ కన్నా ఇళ్ళ గురించి తెలుసుకోవాలనుకునే వాళ్ళు చదవాల్సిన పుస్తకం అది.

తండ్రి ఫెయిర్‌ఫాక్స్ నౌకాదళంలో అధికారి. ఏళ్ళ తరబడి సముద్రం మీదే. తల్లి పిల్లలతో బర్న్‌టైలండ్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో ఉండేది. మేరీకి బైబిలు చదవడం నేర్పారు, అక్కడితో సరి. పదేళ్ళప్పుడు తండ్రి ఇంటికొచ్చి, పిల్ల అడవిమనిషిలా తయారైందని హడలిపోయి బోర్డింగు స్కూల్లో వేశాడు. అక్కడ నడుముకి బిగుతు బట్ట, దాని ముందు ఉక్కు పలక, గడ్డం కింద ఇనప పట్టీ కట్టుకుని పాఠం వల్లె వేయాలి. ఆడపిల్ల నిటారుగా కూచోవాలి కదా. ఏడాదికే ఆ చదువు అయిపోయింది. ఇంటికొచ్చి పుస్తకాలు చదువుతుంటే దగ్గరి చుట్టపావిడ చూసి, పిల్లని ఇలా పాడు చేస్తున్నావేమిటని తల్లిని కోప్పడింది. వెంటనే ఊరి బడికి కుట్టు నేర్చుకోమని పంపారు. ఆ చుట్టపావిడ మనకి కొత్త మనిషేం కాదు.

ఆ పిల్లకి బీజగణితం మొదటిసారి ఎక్కడ కనిపించిందో తెలుసా? ఒక టీ పార్టీలో, ఆడవాళ్ళ ఫ్యాషన్ పత్రికలో. అల్లికల డిజైన్లు చూద్దామని స్నేహితురాలు పత్రిక తెరిచింది. పేజీ తిప్పితే ఒక లెక్క ఉంది. అందులో అంకెల మధ్య ఎక్స్, వై అనే అక్షరాలు. ఇదేమిటని అడిగితే, ఏదో ఆల్‌జీబ్రా అట, నాకూ తెలీదంది ఆమె. ఆ రోజుల్లో ఆడవాళ్ళ పత్రికలు పొడుపుకథలతో పాటు లెక్కల పజిల్సు కూడా వేసేవి. ఆ మాట అర్థమేమిటో అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఇంకొన్నాళ్ళకి బొమ్మలు నేర్పే మాస్టారు ఎవరో అమ్మాయిలతో, దూరం దగ్గరలు గీయడం తెలియాలంటే యూక్లిడ్ చదవాలని చెబుతుంటే ఈ పిల్ల చెవిన పడింది. పుస్తకం పేరు తెలిసింది సరే, కొనుక్కురావాలంటే? పుస్తకాల షాపుకెళ్ళి యూక్లిడ్ ఇమ్మని ఆడపిల్ల అడగడం ఊహకందని పని.

ఇక్కడే తమ్ముడి మాస్టారు వస్తాడు. తమ్ముడు హెన్రీకి పాఠం చెప్పడానికి క్రా అనే ట్యూటరు ఇంటికొచ్చేవాడు. మేరీ అదే గదిలో ఒక పక్కన కూచుని కుట్టుపని చేసుకునేది. ఒకరోజు ఆయన ప్రశ్న వేస్తే హెన్రీ తడుముకున్నాడు. మేరీ సూది ఆపకుండానే జవాబు అందించింది. ఆయన ఆశ్చర్యపోయి, తర్వాత ఆమె అడిగిన యూక్లిడూ, బోనీకాజిల్ ఆల్‌జీబ్రా కొనిపెట్టాడు. తనకి తెలిసిన కాస్తా చెప్పి, ఇంతకు మించి నాకూ రాదన్నాడట పాపం. ఈ ఘట్టం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా ఇంటి కాఫీ గ్లాసు గుర్తొచ్చి.

పగలంతా పియానో, వంటింటి పర్యవేక్షణ, బట్టలు కుట్టుకోవడం, వచ్చేపోయేవాళ్ళు. అందుకని రాత్రుళ్ళు చదివేది. కొవ్వొత్తులు ఇంత త్వరగా అయిపోతున్నాయంటే కారణం మేరీ అమ్మాయి పొద్దుపోయేదాకా చదవడమేనని పనివాళ్ళు తల్లికి చెప్పారు. ఆ పిల్ల పక్క మీదకి చేరగానే కొవ్వొత్తి తీసుకొచ్చేయమని ఆజ్ఞ అయింది. అప్పటికి ఆమె యూక్లిడ్ మొదటి ఆరు పుస్తకాలూ చదివేసింది. ఇక చీకట్లో కళ్ళు మూసుకుని, మొదటి సిద్ధాంతం నుంచి మొదలుపెట్టి రోజుకి కొన్ని చొప్పున మనసులోనే నిరూపించుకుంటూ పోయేది. తండ్రికి సంగతి తెలిసి, దీన్ని ఆపకపోతే పిల్లకి పిచ్చెక్కి కట్టేయాల్సి వస్తుందని భార్యని హెచ్చరించాడు.

తల్లిదండ్రులు క్రూరులు కారు. కూతురు చెడిపోకూడదని భయపడ్డారు, అంతే. ఆడదాని శరీరం అంత ఆలోచనని తట్టుకోలేదని వైద్యులే అనేవారు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. కొవ్వొత్తి అంటే డబ్బు. ఉన్న వెలుగుని ఎవరి చదువుకి ఖర్చు పెట్టాలి అనేది ఇంటి బడ్జెట్టులో ఒక పద్దు. మన దగ్గర కిరసనాయిలు బుడ్డి ఒక్కటే ఉన్న ఇళ్ళలో అది ఎవరి పుస్తకం ముందు పెట్టేవాళ్ళో పెద్దవాళ్ళనడిగితే చెబుతారు.

1804లో పెళ్ళి. భర్త శామ్యూల్ గ్రేగ్ రష్యా తరఫున లండన్లో పని చేసేవాడు. చదవొద్దని అడ్డుపడలేదు గానీ ఆడవాళ్ళ తెలివితేటల మీద ఆయనకి చాలా చిన్నచూపని ఆమే చెప్పుకుంది. మూడేళ్ళకి ఆయన పోయాడు. ఇద్దరు పసిపిల్లలతో పుట్టింటికి తిరిగొచ్చింది. విచిత్రమేమిటంటే అప్పుడు దొరికింది ఆమెకి చదువు. చేతిలో సొంత డబ్బుంది, ఏం చేస్తున్నావని అడిగే మగవాడు లేడు. న్యూటన్ ప్రిన్సిపియా చదివింది. ఒక గణిత పత్రిక ఇచ్చిన లెక్కని సాధించి 1811లో వెండి పతకం తెచ్చుకుంది. 1812లో తల్లి సోదరి కొడుకు విలియం సోమర్‌విల్‌ని చేసుకుంది. ఆయన మంచివాడు, ఆమె చదువుకి అండగా నిలిచాడు. పెళ్ళి కుదిరిందనగానే ఆయన చెల్లెలు మాత్రం, ఇకనైనా ఆ వెర్రి చదువులు మాని ఒద్దికైన భార్యగా ఉండమని ఉత్తరం రాసింది. గణితం చెప్పే వాలెస్ ఇచ్చిన జాబితా ప్రకారం ఫ్రెంచి గణిత గ్రంథాల చిన్న లైబ్రరీ సొంతంగా కొనుక్కునేసరికి ఆమెకి ముప్ఫై మూడేళ్ళు. మగపిల్లలకి పద్దెనిమిదికి దొరికేది ఆమెకి ముప్ఫై మూడుకి దొరికింది.

లాప్లాస్ ఖగోళ గణితాన్ని ఇంగ్లీషులో వివరిస్తూ పుస్తకం రాయమని 1827లో బ్రూమ్ ప్రభువు అడిగాడు. పైకి తెలియనివ్వకూడదనీ, బాగా రాకపోతే రాతప్రతి తగలబెట్టేయాలనీ షరతు పెట్టి ఒప్పుకుంది. మగవాడైతే, పని ఉంది అని చెప్పి తలుపేసుకోవచ్చు, ఆడదానికి ఆ వీలు లేదని ఆమె వాపోయింది. పిల్లల మధ్యా, చుట్టాల మధ్యా కూచుని రాసింది. గంట మోగితే కాయితాలు దాచేసేది. వచ్చినవాళ్ళు వెళ్ళాక మళ్ళీ, పేజీలో గుర్తు పెట్టుకున్న చోటు నుంచి మొదలుపెట్టినట్టు, ఆలోచన అందుకునేది. 1831లో పుస్తకం వచ్చింది. కేంబ్రిడ్జిలో దాన్ని పాఠ్యగ్రంథంగా చదివారు. ఆ కేంబ్రిడ్జిలో ఆడపిల్లలకి ప్రవేశం లేదు. రాయల్ సొసైటీ వాళ్ళు ఆమె పాలరాతి విగ్రహాన్ని తమ హాల్లో పెట్టుకున్నారు, సభ్యత్వం మాత్రం ఇవ్వలేదు. అక్కడ ఆడవాళ్ళు ఫెలోలు కావడం 1945లో గానీ జరగలేదు.

సరిగ్గా అదే కాలంలో పారిస్‌లో ఇంకో ఇల్లుంది. సోఫీ జెర్మైన్‌ది. 1789లో విప్లవం వీధుల్లోకి వచ్చినప్పుడు ఆమెకి పదమూడేళ్ళు. బయటికి వెళ్ళే వీలు లేక తండ్రి పుస్తకాల గదిలో గడిపింది. ఒక గణిత చరిత్ర పుస్తకంలో ఆర్కిమెడిస్ చావు గురించి చదివి, ప్రాణం పోతున్నా వదలనంతగా పట్టుకున్న ఆ విద్య ఏమిటో చూడాలనుకుంది. వాళ్ళింట్లో కొవ్వొత్తి ఒక్కటే కాదు, రాత్రిపూట ఆమె గదిలో నిప్పూ, ఒంటిమీది వెచ్చని బట్టలూ కూడా తీసేశారు. ఆమె దొంగతనంగా కొవ్వొత్తులు దాచుకుని, దుప్పట్లు చుట్టుకుని చదివింది. ఒకరోజు తెల్లారి చూస్తే పిల్ల బల్ల మీదే నిద్రపోయి ఉంది, బుడ్డిలో సిరా గడ్డకట్టి ఉంది. అప్పుడిక తల్లిదండ్రులు ఓడిపోయారు. ఆ తర్వాత తండ్రి ఆమెని జీవితాంతం పోషించాడు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. 1794లో తెరిచిన పాలిటెక్నిక్ కళాశాలలో ఆడవాళ్ళని చేర్చుకోరు కాబట్టి పాఠాల నోట్సులు తెప్పించుకుని, లెబ్లాంక్ అనే మగ పేరుతో లాగ్రాంజ్‌కి రాసి పంపింది. గాస్‌తో ఉత్తరాలు కూడా మొదట ఆ పేరుతోనే. 1816లో ఫ్రెంచి అకాడమీ బహుమతి వచ్చింది. ఆమె గొప్పతనం సంగతి గణితం తెలిసినవాళ్ళు చెప్పాలి. నాకు ఆ సిరాబుడ్డి చాలు.

సోఫియా కోవలెవ్‌స్కాయా కథ అందరూ ముచ్చటగా చెప్పుకునేది. 1850లో పుట్టిన ఈ రష్యన్ జమీందారు పిల్ల చిన్నప్పుడు ఉన్న గది గోడలకి అంటించడానికి రంగు కాయితం చాలలేదు. తండ్రి కుర్రతనంలో చదువుకున్న ఆస్ట్రోగ్రాద్‌స్కీ కలన గణితం పాఠాల కాయితాలు అటక మీద ఉంటే అవి తెచ్చి అంటించారు. ఆ గుర్తులనే చూస్తూ ఆమె గంటలు గంటలు నిలబడేది. పదిహేనేళ్ళప్పుడు ఆ పాఠం మొదలుపెట్టిన మాస్టారు, ముందే తెలిసినదానిలా పట్టేసుకుంటోందని ఆశ్చర్యపోయాడట. ఇంటి వాతావరణం అంటే ఇదీ అని ఉదాహరణగా దీన్ని చెబుతుంటారు. కానీ ఆ కాయితం అక్కడికెలా వచ్చింది? పిల్లల గదే కదా, దానికోసం మళ్ళీ పీటర్స్‌బర్గు నుంచి ఎవరు తెప్పిస్తారని అంటించారు. తర్వాత అదే ఇంట్లో ఆమె ఆల్‌జీబ్రా పుస్తకం దిండు కింద దాచుకుని రాత్రిళ్ళు చదవాల్సి వచ్చింది. దేశం దాటి చదువుకోవాలంటే తండ్రి అనుమతో భర్త అనుమతో కావాలి గనక 1868లో ఉత్తుత్తి పెళ్ళి చేసుకోవాల్సి వచ్చింది. 1874లో గోటింగెన్ నుంచి డాక్టరేటు, 1884 నుంచి స్టాక్‌హోమ్‌లో అధ్యాపకత్వం. వాల్‌పేపరు కథ చెప్పేవాళ్ళు దిండు కథ ఎందుకో చెప్పరు.

ఒకరు వితంతువయ్యాక, ఒకరు పెళ్ళే చేసుకోకుండా, ఒకరు దొంగ పెళ్ళి చేసుకుని. మనకి లీలావతి ఉండనే ఉంది. భాస్కరాచార్యుడు 1150లో రాసిన గ్రంథానికి ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పే కథ నాలుగు వందల ఏళ్ళ తర్వాత, 1587లో ఫైజీ చేసిన పారశీక అనువాదంలో కనిపిస్తుంది. ముహూర్తం చూసే నీటి గిన్నె రంధ్రంలో పెళ్ళికూతురి ముత్యం పడి, ఘడియ తప్పి, పెళ్ళి చెడిపోయింది. ఓదార్పుగా తండ్రి ఆమె పేరు శాశ్వతమయ్యేలా పుస్తకం రాశాడు. పుస్తకంలో ‘బాలా’ అని పిలిచి ప్రశ్నలడగడం ఉంది గానీ, ఆ బాల ఆయన కూతురే అనడానికి అందులో ఆధారమేమీ లేదు. అయినా కథ నిలిచింది. ఆడపిల్లకీ గణితానికీ చుట్టరికం కలపాలంటే ముందు పెళ్ళి చెడాలి అని జనానికి అనిపించిందంటే, ఆ కథ లీలావతి గురించి చెప్పినా చెప్పకపోయినా ఇళ్ళ గురించి నిజమే చెబుతోంది.

తమ్ముడి పాఠాల పక్కన కూచుని నేర్చుకున్న ఆడవాళ్ళ కోసం స్కాట్లాండు దాకా పోనక్కర్లేదు. భండారు అచ్చమాంబకి బడి లేదు, పదేళ్ళకే పెళ్ళి. చదువుకోవడానికి వచ్చి తన ఇంట్లో ఉన్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర అక్షరాలు నేర్చుకుంది. అలా నేర్చుకున్న మనిషి 1901 నాటికి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అచ్చు వేయించింది. మనం తమ్ముణ్ణి మెచ్చుకుంటాం, మెచ్చుకోవాల్సిందే. కానీ తమ్ముడికి బడి ఎలా వచ్చిందో అక్కకి తమ్ముడు అలా వచ్చాడు, అదృష్టంగా. వాడు ఆ ఇంట్లో ఉండకపోతే?

మా అమ్మమ్మకి అలాంటి తమ్ముడు లేడు. సంతకం కూడా పెట్టేది కాదు. వంటింటి గోడ మీద బొగ్గుతో పాల లెక్క గీసేది. సోలకి ఒక నిలువు గీత, అరసోలకి పొట్టి గీత, పాలు రాని రోజు సున్నా. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, ఇవన్నీ వేళ్ళ మీద ఉండేవి. నెలాఖరుకి పాలవాడు పలక తీసే లోపు మొత్తం చెప్పేసేది. 1957లో నయాపైసలు వచ్చాక కూడా చాలా ఏళ్ళు అణాల్లో లెక్క కట్టి, దాన్ని పైసల్లోకి మార్చి చెప్పేదట. పదహారుతో భాగించి నూటితో హెచ్చవేయడమంటే ఏమిటో ఆలోచించండి. చీటీ పాటలో ఎన్నో నెల ఎంతకి పాడితే లాభమో ఆమెనడిగి పాడేవాళ్ళు ఇరుగుపొరుగు. కానీ మా ఇంట్లో ‘లెక్కలొచ్చినవాడు’ అంటే తాతయ్య. ఏటా గోడకి సున్నం వేయించేటప్పుడు అమ్మమ్మ లెక్కలన్నీ చెరిగిపోయేవి.

బడి లెక్కకీ బతుకు లెక్కకీ మధ్య ఉన్న ఈ గోడని పరిశోధకులు కొలిచి చూపించారు. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో కొబ్బరికాయలూ అవీ అమ్ముకునే పిల్లల మీద నునెస్, కరాహెర్, ష్లీమన్ 1985లో ప్రచురించిన అధ్యయనం ప్రసిద్ధం. బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో ఆ పిల్లలు 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు కాయితం మీద రాసిస్తే 37 శాతం. మనవైపు చుక్కల ముగ్గుల సంగతి చూడండి. మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1974లో వాటి వెనకున్న గణిత వ్యాకరణం మీద పరిశోధనా పత్రం రాసేదాకా, పొద్దున్నే వాకిట్లో వంగి వేసేదాన్ని ఎవరూ గణితమనలేదు. ఇలా చెబుతున్నానని ఆడవాళ్ళకి ముగ్గులు చాలు అని కాదు నా ఉద్దేశం. ముగ్గు వేసే చేతికి జామెట్రీ బాక్సు ఎందుకు అందలేదన్నదే ప్రశ్న.

ఇప్పుడు ఆడపిల్లలందరూ చదువుతున్నారు కదా అంటారు. చదువుతున్నారు. అయితే ఇల్లు కొవ్వొత్తిని కొత్త కొత్త రూపాల్లో తీసేస్తోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలుపెట్టి 3 వేల మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనంలో ప్రైవేటు బడికి వెళ్తున్నవాళ్ళలో ఆడపిల్లల కన్నా మగపిల్లలు ఎక్కువని తేలింది. కొడుక్కి ఫీజు కట్టే బడి, కూతురికి సర్కారు బడి, అదీ ఒకే గుమ్మంలోంచి. పదయ్యాక మగపిల్లాడు ఎం.పి.సి., ఆడపిల్ల బై.పి.సి. అనే పంపకం తెలుగు ఇళ్ళలో ఎన్నాళ్ళ నుంచో నడుస్తోంది. కోచింగుకి రెండేళ్ళు పోసే లక్షలు ఎవరి మీద పోయాలన్నప్పుడు, కట్నం కూడా కట్టాల్సిన పిల్ల మీద పోయడానికి చెయ్యి రాదు. ఐ.ఐ.టి.లు 2018లో ఆడపిల్లల కోసం అదనపు సీట్లు పెట్టి వాళ్ళ వాటాని 14 శాతానికీ, 2020కి 20 శాతానికీ తీసుకెళ్ళాల్సి వచ్చిందంటే అంతకు ముందు ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు.

ఇక సమయం. దేశవ్యాప్తంగా 2019లో చేసిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తుంటే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2024 నాటికి అవి 289, 88 అయ్యాయి. ఆరేళ్ళ పిల్లల నుంచి లెక్కలోకి తీసుకున్నారు. లెక్కలనేవి మధ్యలో లేచి వెళ్ళి అన్నం వార్చి వస్తే నిలబడని చదువు. నవల అలా చదవొచ్చు, నేను చాలా చదివాను. లెక్క అలా కాదు, లేచిన చోట తెగిపోతుంది. నేను సాహిత్యంలోకి రావడం ఇష్టమా, లేక నిమిషాల పంపకమా అన్నది నాకు ఇప్పటికీ తెగని లెక్క.

బుర్రలో తేడా ఉందనేవాళ్ళకి జవాబుగా 2008లో గీసో, మరికొందరు కలిసి 40 దేశాల పదిహేనేళ్ళ పిల్లల మార్కులు పోల్చి చూశారు. స్త్రీపురుష సమానత్వం ఎక్కువున్న నార్వే, స్వీడన్, ఐస్‌లాండ్ లాంటి చోట్ల గణితంలో ఆడపిల్లల వెనకబాటు దాదాపు మాయమైపోయింది. ఐస్‌లాండ్ ఆడపిల్లల పుర్రె కొలతలు వేరుగా ఉంటాయని ఎవరూ అనరనుకుంటాను.

ఈ మధ్య పరిశోధన ఇంకో దారి పట్టింది. గణితమంటే భయమున్న తల్లిదండ్రులు హోంవర్కులో తరచూ సాయం చేస్తే, ఆ పిల్లలు ఏడాదిలో తక్కువ నేర్చుకుంటున్నారనీ, భయం కూడా అంటుకుంటోందనీ 2015లో మలోనీ బృందం రాసింది. అధ్యయనం చెప్పింది తల్లిదండ్రుల గురించి. మన దగ్గర హోంవర్కు చేయించేది ఎవరు? కాబట్టి అది తల్లి తప్పుగా దిగుతుంది. కొవ్వొత్తి తీసేస్తే పెరిగిన భయాన్ని తల్లి ఖాతాలో రాసి, ఆ ఖాతా నుంచి కూతురికి బదిలీ అయిందంటాం. ‘నాకే రాలేదు, నీకెక్కణ్ణుంచి వస్తాయే’ అని మా అమ్మ అన్నప్పుడు నాకు కోపమొచ్చేది. ఆ మాట ఆమె చేత ఎవరు అనిపించారో అప్పుడు తెలీదు. సోమర్‌విల్ అంతటిదీ ముసలితనంలో రాసుకున్న ఓ చిత్తుప్రతిలో, తనకి పట్టుదలా తెలివీ ఉన్నాయి గానీ ప్రతిభ అనే నిప్పురవ్వ ఆడజాతికి లేదు అని రాసుకుంది. కూతుళ్ళు అచ్చువేసేటప్పుడు అది తీసేశారు.

ఆమె కూతుళ్ళ దగ్గర ఒక సంగతి దాటేసి వచ్చాను. పెద్దమ్మాయి మార్గరెట్ చాలా చురుకైన పిల్ల. తనకి దొరకని చదువంతా మేరీ ఆ పిల్లకి ఇంట్లోనే చెప్పింది. 1823లో, పదేళ్ళకి, జబ్బు చేసి ఆ పిల్ల పోయింది. ఆ లేత బుర్ర మీద నేనే ఎక్కువ భారం పెట్టానేమో అని ఆ తల్లి కుమిలిపోయింది. చీకట్లో యూక్లిడ్‌ని మనసులో నిరూపించుకున్న మనిషి, లాప్లాస్‌ని ఇంగ్లీషులోకి తేబోతున్న మనిషి, తండ్రి ముప్ఫై ఏళ్ళ కింద అన్న మాటనే తన మీద తానే అనుకుంది.

ప్రశ్నావళి దిద్ది ఇచ్చేటప్పుడు, గది గురించిన ప్రశ్న పక్కన పెన్సిల్‌తో ‘ఎవరికి?’ అని రాశాను. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా నువ్వేం చేస్తుంటావు అని ఇంకో ప్రశ్న చేర్చమని కూడా అడిగాను. స్నేహితురాలు నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసింది. అది ప్రామాణీకరించిన స్కేలు, ప్రశ్నలు మార్చడానికి వీల్లేదని గైడ్ అన్నారట. మాట్లాడుతూనే ‘ఒక్క నిమిషం, కుక్కరు’ అని పెట్టేసింది. ఇంకా తిరిగి చేయలేదు.